ఆ రెండో భాగం, మా సైన్సు టీచరమ్మ

ఆవిడ్ని చూసి నవ్వింది మీరే. ఇవాళ దండలు పట్టుకుని నిలబడ్డారు కదా అని నేను మర్చిపోను. తెల్లచీర కట్టుకుని, చేతిసంచిలో కళ్లజోడూ నోటుపుస్తకమూ పెట్టుకుని, రిటైర్మెంటుకి దగ్గరపడిన సైన్సు టీచరమ్మ కార్ల పందేల సినిమాకి టికెట్టు తీసుకుంటుంటే, గాంధీనగర్ హాలు ముందు లైన్లో కిసుక్కుమన్నది మీరు. "మామ్మగారికి స్పీడు కావాల్సొచ్చింది" అన్నది మీరు. పిల్లల్ని రోడ్డున పడేస్తోందని సంతకాలు పోగేసి హెడ్మాస్టరు బల్ల మీద పెట్టింది కూడా మీరే.

మొన్న గురువారం పొద్దున ఆవిడ పోయారు. గుణదలలో, తన ఇంట్లో, టీ పెట్టుకుని తాగకుండానే. నాకు ఫోను చేసింది ఒక అంబులెన్సు డ్రైవరు. "సార్, మేడం లేరండీ" అన్నాడు. ఫోను పెట్టెయ్యలేదు. అటు అతని ఊపిరి, ఇటు నాది. అతనెవరో చెబుతాను, కాస్త ఆగండి.

శుక్రవారం సమాధుల తోటలో మీ ప్రసంగాలన్నీ విన్నాను. క్రమశిక్షణ అన్నారు, నిరాడంబరత అన్నారు, ప్రార్థనాపరురాలు అన్నారు. అన్నీ నిజమే. ఏ టీచరు పోయినా చెప్పే నిజాలే. ఆ సినిమా సంగతి ఒక్కరు ఎత్తలేదు. చచ్చిపోయిన మనిషి పరువు కాపాడుతున్నామనుకున్నారేమో. ఆవిడ పరువంతా అందులోనే ఉందయ్యా. అందుకే రాస్తున్నాను.

నాకు ఆవిడ పదో తరగతిలో ఫిజికల్ సైన్సు చెప్పారు. ఈ కథ మాత్రం అప్పటిది కాదు. నేను ముప్పై దాటి, పత్రికల్లో వ్యాసాలు రాసి నలుగురి చేతా తిట్లు తింటున్న రోజులది. విదేశాల కార్ల పందేల సినిమాలు తెలుగులోకి డబ్బింగై వచ్చేవి. ఒకే కథ, భాగాలు భాగాలుగా. మొదటి భాగం మన ఊళ్లో వంద రోజుల సినిమాలా ఆడింది. దాని రెండో భాగం వచ్చింది. అందులో పాత హీరో లేడు. ఎవడో కొత్త కుర్రాడు. ఒక రేవు పట్నంలో గోదాముల మధ్య సందుల్లో పందేలు. మొదటి పందెంలోనే కారు గోడకి కొట్టి ఓడిపోతాడు. ఆ తర్వాత సగం సినిమా ఒక ముసలి మెకానికమ్మ షెడ్డులో పని నేర్చుకుంటాడు. ఆవిడ పక్క సీట్లో కూర్చుని "ఇక్కడ ఆపు" అంటుంది. వాడు ఆపలేడు. మళ్లీ మొదటికి. చివరి పందెంలో పక్క కారు తిరగబడితే, గెలుపు నాలుగడుగుల దూరంలో ఉండగా కుర్రాడు బ్రేకేసి దిగిపోతాడు. అవతలివాణ్ణి బయటికి లాగుతాడు. పందెం మూడోవాడెవడో గెలుస్తాడు.

హాల్లో కుర్చీలు చిరిగాయి. గెలవని వాడు హీరో ఏంటని అభిమానులు పోస్టర్ల మీద పేడ కొట్టారు. వారం తిరక్కుండా సినిమా ఎత్తేశారు. "ఈ వరుసలో పుట్టకుండా ఉండాల్సిన భాగం" అని తేల్చేశారు.

ఎత్తేసేలోపే ఊళ్లో కుర్రాళ్లు కాలవ గట్ల మీద బండ్లతో పందేలు మొదలెట్టారు. నేను ఊరుకుంటానా? కలం తీశాను. ఇలాంటి సినిమాల్ని నిషేధించాలని, కంపెనీలు మన పిల్లల రక్తంలో పెట్రోలు పోస్తున్నాయని పెద్ద వ్యాసం రాశాను. వ్యాసం వచ్చిన రోజు సాయంత్రమే ఫోను.

"నువ్వేనా రాసింది?"

"నేనేనండీ మేడం."

"కోపం బాగుంది. సినిమా ఎలా ఉంది?"

"చూడలేదండీ. చూడక్కర్లేదు కూడా, ఇలాంటివన్నీ..."

"ల్యాబుకి రాకుండా రికార్డు రాసినోడివి పదో తరగతిలోనూ నువ్వే. రేపు మ్యాట్నీకి రా. టికెట్టు నేను తీస్తా."

వెళ్లాను. మీరు నవ్వింది ఆ రోజే. నేను పక్కనే ఉన్నాను కాబట్టి నాకు తెలుసు. సగం ఖాళీ హాల్లో ఆవిడ ముందుకి వంగి కూర్చున్నారు. కారు మలుపులో వెనక్కి జారుతుంటే నా మోచెయ్యి పట్టుకుని, "చూడు చూడు, వెనక ఎటు జారిందో ముందు చక్రం అటే తిప్పాడు! ఎందుకు తిప్పాడు చెప్పు!" అని గట్టిగా అడిగారు. ముందు వరసలో ఒకాయన తిరిగి, "అమ్మగారూ, కాస్త సినిమా చూడనిస్తారా?" అన్నాడు. "నువ్వు చూస్తున్నావా నాయనా, ఊరికే కళ్లు తెరుచుకున్నావా?" అన్నారు. ఆయన ఇంక తిరగలేదు.

బయట టీ కొట్టు దగ్గర మా గొడవ మొదలైంది. అది పద్దెనిమిదేళ్లు సాగింది.

"ఇది కార్లు అమ్ముకోడానికి తీసిన సినిమా మేడం."

"అయ్యుండొచ్చు. ఘర్షణ పాఠం ఇన్నేళ్లుగా చెబుతున్నానా, ఒక్కడు నోరు విప్పి ప్రశ్న వెయ్యలేదు. ఈ సినిమా వచ్చాక మొన్న క్లాసులో పదకొండు మంది చేతులెత్తారు. ఆ ప్రశ్నలు ఎవడు అమ్మాడు, ఎవడు కొన్నాడు? నువ్వు నిషేధిస్తే ఆ చేతులు కిందకి దిగుతాయి, అంతేగా?"

నా దగ్గర జవాబు ఉందని వాదించాను.

జవాబు ఆ ఆదివారమే రోడ్డు మీద దొరికింది. దాళ్వా, అంటే రెండో పంట వరి, కోతలు అయిపోయిన రోజులు. గన్నవరం దాటాక లోపల ఊళ్లలో రోడ్డుకి ఒక పక్కంతా ధాన్యం ఆరబోసి ఉంటుంది, అంచున రాళ్లు పేర్చి. మన డెల్టాలో ఎవరికీ వింతగా కనపడదు. ఎందుకు రోడ్డు మీద పోస్తారో ఎవరూ అడగరు కూడా. సొంత పొలం, సొంత కళ్లం ఉన్నవాడు రోడ్డుకి రాడు. వచ్చేది కౌలు రైతు. సరే, ఆ కోపం తర్వాత.

మేడం బళ్లో చదివే ముగ్గురు కుర్రాళ్లు సినిమాలోలాగా బండి జారించాలనుకున్నారు. సినిమాలో ఉప్పు ఒలికిన గచ్చు మీద కారు జారుతుంది. మన దగ్గర ఉప్పు గోదాము ఎక్కడుంది? జారేదేముందా అని వెతికి, ఆరబోసిన ధాన్యం మీదికి బండ్లు తోలి బ్రేకులు కొట్టారు. ఇంత తెలివి మన పిల్లలకే వస్తుంది. మొదటి బండి అడ్డంగా పడింది. రెండోది దాని మీద పడింది. ధాన్యం సగం పక్కనున్న బోదె కాలవలోకి పోయింది. రైతు మూడు బండ్ల తాళాలూ లాక్కుని, బడి పేరు అడిగి, మేడం ఇంటికి కబురు పెట్టాడు. ఆవిడ అప్పుడే ఆదివారం ప్రార్థన ముగించుకుని చర్చి నుంచి వచ్చారట. నాకు ఫోను చేసి, నా స్కూటరు మీద వెనక కూర్చుని వచ్చారు.

"మీ పిల్లలేనా టీచరమ్మ గారూ?" అన్నాడు రైతు. లుంగీ మోకాళ్ల దాకా తడిసి ఉంది, బోదెలో దిగి గింజలు తోడుతున్నాడు. "వీళ్లు అన్నం తింటున్నారా, పెట్రోలు తాగుతున్నారా?"

"నా పిల్లలేనండీ. తప్పు నాది. సగం పాఠం చెప్పి వదిలేశాను."

తిట్టడానికి వచ్చినవాడికి ఎదుటివాళ్లు ముందే ఒప్పుకుంటే కష్టం కదా. ఆవిడ చెప్పులు విడిచి రోడ్డు పక్కన పెట్టారు. గింజ మీద చెప్పుతో నడవరు మన వైపు. కుర్రాళ్ల బూట్ల వైపు చూశారు. ముగ్గురూ విప్పేశారు. ఒకడి మోచెయ్యి కొట్టుకుపోయి నెత్తురు కారుతోంది. వాడు మిగతా ఇద్దరికన్నా ముందు విప్పాడు.

ఆ పూట ముగ్గురి చేతా బోదెలో గింజలు తోడించారు. తోడినవి కడిగించారు. ఆ తర్వాత ఎండలో ధాన్యం తిరగేయించారు, పాదాలు ఈడుస్తూ చాళ్లు తీసుకుంటూ. చెయ్యడం రాక కుర్రాళ్లు బాతుల్లా నడుస్తుంటే రైతు భార్య నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. మేడం వాళ్ల పక్కనే నడుస్తూ పాఠం చెప్పారు.

"కాలి కింద ఏమవుతోందిరా?"

"దొర్లుతున్నాయి మేడం."

"దొర్లుతున్నాయా, జారుతున్నాయా?"

ఆగి, మళ్లీ కాలు ఈడ్చి చూశారు. "దొర్లుతున్నాయి మేడం."

"మరి చక్రం ఆపితే బండి ఆగుతుందా?"

మోచెయ్యి కొట్టుకుపోయినవాడు తన బండి పడిన చోటు వైపు చూశాడు. "కింద ఉన్నది ఆగదుగా మేడం" అన్నాడు. ఆవిడ మొహం వెలిగింది. మిగిలిపోయిన సగం పాఠం అక్కడ పూర్తయింది.

సాయంత్రానికి రైతు తాళాలు తిరిగిచ్చేశాడు. ఇస్తూ ఒక మాటన్నాడు. "అమ్మా, వీళ్లు ఎలాగూ మానరు. మార్కెట్ యార్డులో ఇంత గచ్చు ఉంది, ఆదివారాలు కుక్కలు పడుకుంటాయి. అక్కడ నేర్పరాదా?"

ఆలోచన ఆ కౌలు రైతుది. ఈ మాట మేడం ఎక్కడికెళ్లినా చెప్పేవారు, మీరు వినలేదు. ఆవిడ దరఖాస్తు పెట్టి, నాలుగు నెలలు తిరిగి, తన పేరు మీద అనుమతి కాగితం తెచ్చుకున్నారు. ప్రతి ఆదివారం పొద్దున ఎనిమిదింటికి, యార్డు గచ్చు మీద, బండ్ల క్లాసు.

లైసెన్సు లేనివాడు బండి ముట్టకూడదు. వాడికి సైకిలే. "సైకిలా మేడం!" అని మూతి ముడిచేవాళ్లు. "ముందు దాన్ని గీత మీద ఆపి చూపించు" అనేవారు. ముగ్గుపిండితో గచ్చు మీద అడ్డంగా ఒక గీత గీసేవారు. గీత దగ్గర బ్రేకు వెయ్యాలి. ఎక్కడ ఆగితే అక్కడ ఎవరి పేరు వాళ్లు సుద్దతో రాసుకోవాలి. లైసెన్సు ఉన్న పెద్దవాళ్లు ఇరవై వేగంతో వచ్చి ఆగేవారు, తర్వాత నలభైతో. వేగం రెట్టింపైంది కాబట్టి దూరం కూడా రెట్టింపవుతుందని అందరూ అనుకునేవారు. అడుగులు కొలిస్తే నాలుగు రెట్లు వచ్చేది. ప్రతి కొత్త కుర్రాడూ కొలత తప్పనుకుని మళ్లీ కొలిచేవాడు. ఆవిడ కొలవనిచ్చేవారు. తర్వాత గచ్చు మీద ఊక చల్లించి మళ్లీ ఆపమనేవారు. పేర్లు ఇంకా అవతలికి జరిగేవి. "పుస్తకంలో ఇది రెండు లైన్లు. గచ్చు మీద మీ పేరు ఎక్కడ పడిందో చూసుకోండి" అనేవారు.

మధ్యలో సినిమా వచ్చేది, తప్పకుండా. ఆ వరుసలో కొత్త భాగం రాగానే వెళ్లేవారు. మూడులో కార్లు వంతెనలు దూకాయి. నాలుగులో విమానంలోంచి పడ్డాయి. "దీంట్లో న్యూటన్‌కి సెలవిచ్చేశారు" అని నాకు ఫోను చేసేవారు. కానీ నోటుపుస్తకంలో ఒక పేజీ రాసుకునేవారు: రెండో భాగం నుంచి ఏమేం తీసుకున్నారని. కారు జారే తీరు తీసుకున్నారు. పక్క సీట్లో కూర్చుని నేర్పడం తీసుకున్నారు. అయిదో భాగంలో ఆ ముసలి మెకానికమ్మని వెనక్కి తెచ్చారు, ఎందుకంటే ఎక్కడెక్కడి జనమో ఆవిడేదని అడిగారట. ఈ ఏడాది వచ్చిన భాగంలో పాత హీరో, ఇన్నేళ్ల తర్వాత, ఆ రేవు పట్నానికే వస్తాడు. రెండో భాగం కుర్రాడు నెరిసిన జుట్టుతో షెడ్డులోంచి బయటికొస్తాడు. హాలు దద్దరిల్లింది. ఈలలు వేసినవాళ్లలో పేడ కొట్టినవాళ్లూ ఉన్నారు. గుర్తుపట్టాను.

నేను ఒప్పుకోలేదు. ఊరుకునే రకం కాదని చెప్పానుగా. "మేడం, వాళ్లకి కథలైపోయి పాత సినిమాని తవ్వి అమ్ముతున్నారు. దీన్ని వారసత్వం అనకండి."

"తవ్వితే దొరికిందా లేదా? మిగతావాటిని తవ్వరా చూద్దాం, ఏం దొరుకుతుందో. మొదటి భాగం పేరిచ్చింది, ఒప్పుకుంటా. మిగిలిన భాగాలన్నీ బతికింది దీన్ని తిని."

"వారంలో ఎత్తేసిన సినిమాని తినా?"

"వారంలో మీరు ఎత్తేశారు. పిల్లలు ఎత్తెయ్యలేదు."

ఆ వాదనలో ఆవిడే గెలిచారని ఇవాళ రాస్తున్నాను. బతికుండగా ఒప్పుకోలేదు. ఇప్పుడు ఒప్పుకోవడం సిగ్గుగానే ఉంది.

రోడ్డు మీద పందేలు వేసే కుర్రాళ్లని రౌడీలన్నారు మీరు. వాళ్లలో ఎక్కువమంది కూలీల పిల్లలు, మెకానిక్కుల పిల్లలు, కౌలు రైతుల పిల్లలు. సెకండ్ హ్యాండ్ బండి, వాయిదాల బండి. వాళ్ల బండ్లు పోలీసు స్టేషను ఆవరణలో తుప్పు పడతాయి. అద్దాలు నల్లగా ఉన్న పెద్ద కార్లు అదే రోడ్డు మీద నూట ఇరవైలో పోతే మీరు పక్కకి తప్పుకుని దారిస్తారు. ఈ తేడా మేడం ఎప్పుడూ ఉపన్యాసంగా చెప్పలేదు. ఆ పనికి నేనున్నాను కదా. ఆవిడ గేటు తెరిచి పెట్టారు, అంతే. తెరిచి ఉంచిన గేటు నా వ్యాసాలన్నిటికన్నా ఎక్కువ పని చేసింది.

మోచెయ్యి కొట్టుకుపోయిన ఆ కుర్రాడే ఇవాళ అంబులెన్సు డ్రైవరు. ఒకసారి అడిగాను, రోజూ సైరన్ మోగించుకుంటూ వెళ్తుంటే సినిమా గుర్తొస్తుందా అని. "సినిమా రాదండీ, ముగ్గు గీతే కనపడుద్ది. వెనక పేషెంటు ఉంటే ఇంకో రెండు గీతల ముందే కాలు పెడతా బ్రేకు మీద. ఎక్కువ తోలితే లోపల స్ట్రెచరు ఊగిపోద్ది. తొందరగా వెళ్లడం కన్నా ఊగకుండా వెళ్లడం కష్టమండీ సార్" అన్నాడు. డ్యూటీ లేని ప్రతి ఆదివారం క్లాసుకి వచ్చేదీ, మేడం మోకాళ్లు పట్టేశాక గచ్చు మీద గీత గీస్తున్నదీ అతనే. పక్కన కుర్చీలో కూర్చుని, "వంకరగా గీశావురా" అని ఆవిడ అరిచేవారు.

మొన్న ఆదివారం, సమాధి చేసిన రెండో రోజు, మేము వెళ్లేసరికి యార్డు గేటుకి గొలుసు వేసి తాళం ఉంది. లోపలి ఉద్యోగి మంచివాడే, ఇబ్బంది పడుతూ వచ్చాడు. "అనుమతి ఆవిడ పేరు మీద ఉందండీ. ఆవిడ లేరు కదా, ఇంకెవరి పేరు మీద తెరవమంటారు?" ఇంకో మాట కూడా నెమ్మదిగా చెప్పాడు. పక్క ఫంక్షన్ హాలు వాళ్లు ఆదివారాలు కార్లు పెట్టుకోవడానికి ఆ గచ్చు అడుగుతున్నారట. కాగితం కదులుతోందట.

గేటు బయట ముప్పై మంది దాకా పిల్లలున్నారు. కొందరు సైకిళ్లతో, కొందరు బండ్లతో. ఆరేడుగురు ఆడపిల్లలు. ఒక కుర్రాడు బండి స్టార్ట్ చేసి, "ఇక్కడ కాకపోతే గట్టు మీద చూసుకుందాం పదండ్రా" అన్నాడు. రెండు మూడు ఇంజన్లు మోగాయి. పద్దెనిమిదేళ్ల పని ఆ ఒక్క గొలుసుతో తిరిగి గట్టు మీదికి పోతోంది.

అంబులెన్సు డ్రైవరు వెళ్లి ఆ కుర్రాడి బండి ముందు నిలబడ్డాడు. "తాళం ఇవ్వరా."

"ఎందుకన్నా?"

"మేడం ఉంటే ఇచ్చేవాడివా, లేదా?"

కుర్రాడు ఇంజను ఆపాడు. తాళం మాత్రం ఇవ్వలేదు. "ఒక్క వారం చూస్తానన్నా. వచ్చే ఆదివారం కూడా గొలుసుంటే మాత్రం నన్ను ఆపకు" అన్నాడు. న్యాయమే అనిపించింది నాకు. ఆ వయసులో నేను వారం కూడా ఇచ్చేవాణ్ణి కాదు.

అంతలో కౌలు రైతు వచ్చాడు, కర్ర పట్టుకుని. డెబ్భై దాటింది. ఇప్పటికీ కౌలే. సంగతి విని, "పేరేగా కావాల్సింది? నాది రాయండి" అన్నాడు. ఉద్యోగి నవ్వి, "ఒక్కరి పేరైతే మళ్లీ ఇదే గొడవండీ పెద్దాయనా" అన్నాడు. "అయితే అందరివీ రాయండి" అన్నాడు రైతు. నా కారు బానెట్టు మీద తెల్లకాగితం పెట్టి అక్కడికక్కడే దరఖాస్తు రాశాను. ముప్పై మందీ సంతకం చేశారు. పదమూడేళ్ల పిల్ల ఒకతి వరసలో నిలబడి, "నేను మైనరునండీ, చెల్లుతుందా?" అని అడిగింది. చెల్లదన్నాను. అయినా చేసింది, అందరికన్నా పెద్ద అక్షరాలతో. ఉద్యోగి ఆ కాగితం తీసుకుని ముద్ర వేశాడు. పై వాళ్లకి పంపుతానన్నాడు. పంపాడని నమ్ముతున్నాను. నాకు నమ్మకం తొందరగా కలగదని మీకు తెలుసు. ఈసారి కలిగింది.

ఇంక మీతో పని. దండలు చాలు. మేం అడుగుతున్నవి ఇవి:

మార్కెట్ యార్డు గచ్చు ఆదివారం పొద్దున ఎనిమిది నుంచి పదకొండు దాకా బండ్ల క్లాసుకి ఇవ్వాలి. అనుమతి ఒక మనిషి పేరు మీద కాకుండా క్లాసు పేరు మీద రాయాలి.

ఫంక్షన్ హాలు కార్లకి వేరే చోటు చూడాలి.

ఊరూరా కౌలు రైతులకి ధాన్యం ఆరబోసుకునే గచ్చు కట్టాలి. వచ్చే దాళ్వా లోపే.

పందేల్లో పట్టుబడిన కుర్రాళ్ల బండ్లు తుప్పు పట్టించకుండా, నాలుగు ఆదివారాలు క్లాసుకి పంపి తిరిగివ్వాలి. పెద్ద కార్లవాళ్లకీ అదే లెక్క.

అప్పట్లో హెడ్మాస్టరుకి ఇచ్చిన సంతకాల కాగితం మీద పేర్లున్నవాళ్లు ఈ కొత్త దరఖాస్తు మీద కూడా సంతకం చెయ్యాలి.

గేటు తాళంచెవి అంబులెన్సు డ్రైవరు చేతికి ఇవ్వాలి. శనివారం సాయంత్రం లోపు.